పద్దెనిమిదో గేటు

"కళ్ళు కనబడతాయా మీకు?"

నీళ్ళు కారుతున్న హెల్మెట్ చంకలో పెట్టుకుని, గట్టెక్కి వచ్చి మరీ అడిగిందామె. అతను కుర్చీలోంచి సగం లేచాడు.

"కనబడతాయండీ. కళ్ళద్దాల షాపులోనే పని చేస్తాను."

"మరి కర్ర నాకు తగిలిందని ఎలా చూపించారు? అది గాలికి ఊగింది."

"గాలికైతే రెండు కర్రలూ ఊగాలి కదండీ. మీ భుజం వైపుది ఒక్కటే ఊగింది."

పక్క గేటు జడ్జి కిసుక్కున నవ్వాడు. ఆమె ముక్కు ఎర్రబడింది.

"రెండు సెకన్లు మింగేశారు. అరగవు మీకు!" అని శపించి, పడవని భుజానికెత్తుకుని చరచరా వెళ్ళిపోయింది.

ఊరి చివర, బస్ డిపో వెనక సిమెంటుతో కట్టిన కాలువ అది. పెద్ద పెద్ద పంపులు కింది చెరువులోని నీళ్ళని పైకి తోడి వదిలితే, కొండవాగులా నురగలు కక్కుతూ కిందికి దూకుతుంది. పైన తీగలకి జంటలు జంటలుగా కర్రలు వేలాడుతుంటాయి. ఒక్కో జంట ఒక్కో గేటు. పడవలో ఒంటరిగా కూర్చుని, ఆ గేట్లన్నీ వరసగా దాటాలి. ఎర్ర గేట్లయితే నీటికి ఎదురెక్కి మరీ దాటాలి. కర్ర తగిలితే జడ్జి పసుపు పలక ఎత్తుతాడు, రెండు సెకన్లు జరిమానా. తల కర్రల మధ్య నుంచి పోకపోతే ఎర్ర పలక, యాభై సెకన్లు. ఎర్ర పలక లేచిందంటే ఇక ఆ రోజుకి ఇంటికి పోయి పడుకోవచ్చు.

అతను ఆదివారాలు అక్కడ గేటు జడ్జి. డబ్బులేం ఇవ్వరు, ఒక టోపీ ఇస్తారు. పెద్ద జడ్జి అతనికి మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "సందేహం వచ్చిందా, పడవలో ఉన్నవాళ్ళ పక్షమే. గుర్తుపెట్టుకో."

ఆమె ఓ క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. కాలువ దగ్గర అందరూ పిడుగనే పిలుస్తారు.

ఆ పిడుగు మరుసటి వారమే వాళ్ళ అమ్మని తీసుకుని షాపులోకి వచ్చి పడింది. ఆవిడకి దగ్గరి చూపు అద్దాలు కావాలట. కౌంటర్ వెనక అతన్ని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, వేరే షాపుకెళ్దాం."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ అబ్బాయేనా, నువ్వు వారం నుంచీ తిడుతున్నది?"

"అమ్మా!"

"వారమంతా తిట్టారా?" అన్నాడతను, నవ్వు ఆపుకుంటూ.

"మధ్యలో ఒకరోజు సెలవిచ్చాను," అందామె ఫ్రేములు తిరగేస్తూ. తర్వాత తలెత్తింది. "ఒడ్డున కూర్చుని తీర్పులివ్వడానికేం, ఎవరైనా ఇస్తారు. ఒక్కసారి పడవలో కూర్చుని చూడండి, తెలుస్తుంది."

"నాకు ఈత అంతంతమాత్రమండీ."

"లైఫ్ జాకెట్ వేస్తాం. మాకూ జడ్జిలు కావాలి కదా, పొదుపుగా వాడుకుంటాం."

ఆ ఆదివారం పోటీలు లేవు. కింది చెరువులో, కదలని నీళ్ళలోనే మొదలుపెట్టింది. పడవలో కాళ్ళు బారజాపి కూర్చోబెట్టి, నడుము చుట్టూ ఉన్న రబ్బరు గుడ్డని పడవ అంచుకి బిగించింది. "ఇప్పుడు మీరూ పడవా ఒకటే," అంది. ఆ మాట పూర్తయ్యేలోపు పడవ తిరగబడింది. అతనూ తిరగబడ్డాడు.

ఆమె నడుంలోతు నీళ్ళలో నిలబడి, జాకెట్ పట్టుకుని పైకి లాగింది.

"నడుం తిప్పండి! తల ముందు కాదు, నడుం ముందు!"

మళ్ళీ బుడుంగు.

"నడుం తిప్పండి... అయ్యో... నడుం తిప్పవయ్యా బాబూ!"

అతను దగ్గుతూ పైకొచ్చాడు. "మర్యాద తగ్గింది."

"మునిగేవాడిని 'మీరు' అంటూ కూర్చుంటే అడుక్కి పోతాడు."

ఆ రోజు నుంచి ఇద్దరూ నువ్వు, నువ్వే. అతను వారానికో రకంగా మునిగేవాడు. ఒడ్డున వాళ్ళమ్మ కొత్త అద్దాలు సర్దుకుని, "ఇవాళ నయం, కాస్త నెమ్మదిగా మునిగాడు," అనేది. ఎప్పటికో ఒకసారి పడవ తిరగబడి, దానంతట అదే లేచినట్టు లేచింది. పైకొచ్చేసరికి ఆమె రెండు చేతులూ గాల్లోకెత్తి చిన్నపిల్లలా గెంతుతోంది. అతనికి కాలువా, ఒడ్డూ, ఆకాశం అన్నీ ఆమె వెనక ఎక్కడికో జరిగిపోయినట్టనిపించింది.

ఒక సాయంత్రం జోరున వాన. పడవలు పెట్టే షెడ్డు చూరు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు.

"నీకో మాట చెప్పాలి," అన్నాడతను.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మొహం మీద ఫ్రేము కట్టి పెట్టుకున్నావుగా." వానలోకి చెయ్యి చాపింది. "జట్టు సెలక్షన్ అయ్యాక చెప్పు. ఇప్పుడు వింటే గేట్లన్నీ తప్పుతాను. రెండేళ్ళుగా ఒక్క స్థానం తేడాతో పోతోంది నాకు. ఈసారి పోకూడదు."

అతను సరేనన్నాడు. మాట బయటికి రాకపోయినా, వచ్చినంత పనీ అయింది.

సెలక్షన్ రోజు పొద్దున్నే పెద్ద జడ్జి అందరినీ కూర్చోబెట్టాడు.

"పోటీలో మీ చుట్టాలుగానీ, దగ్గరివాళ్ళుగానీ ఉంటే ఇప్పుడే చెప్పండి. వాళ్ళ వంతుకి వేరేవాళ్ళని కూర్చోబెడతాను."

అతను నోరు తెరవబోయాడు. ఏమని చెప్పాలి? చుట్టమా, కాదు. నిశ్చయమైందా, లేదు. ఇంతలో పక్క గేటు జడ్జి చెవి దగ్గర గొణిగాడు: "మీ పిడుగుకి ఇవాళ అన్నీ మాఫీయేనా గురూ?" నలుగురూ నవ్వారు. అతని చెవులు వేడెక్కాయి. నోరు మూసుకున్నాడు. పద్దెనిమిదో గేటు అతనికి పడింది, ఎదురెక్కాల్సిన ఎర్ర గేటు.

ఆమె దిగింది. పైనుంచి అన్ని గేట్లూ గాలిలా దాటుకుంటూ వస్తోంది. ఒడ్డంతా అరుస్తోంది. పద్దెనిమిది దగ్గర పడవ ముక్కు తిప్పి, ఒంటిని వెనక్కి వాల్చి కర్ర పక్కగా దూసుకెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఒక నీటి తెర లేచింది. తల లోపలి నుంచి పోయిందా, బయటి నుంచా? అతనికి కనబడలేదు.

కనబడలేదు, అంతే. కానీ పక్క గేటువాడు తనవైపే చూస్తున్నాడని తెలుసు. ఏమీ ఎత్తకపోతే ఏమంటారో కూడా తెలుసు. చెయ్యి పైకి లేచింది. ఎర్ర పలక.

బోర్డు మీద అంకెలు మారాయి. కింద చెరువులో ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుని బోర్డుకేసి చూసింది. తర్వాత అతనికేసి చూసింది. ఈసారి గట్టెక్కి పోట్లాడడానికి రాలేదు. వస్తే ఎంత బాగుండేదో!

ఆఖరి పడవ దిగాక అతను పెద్ద జడ్జి దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాడు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "సందేహం వస్తే?"

"పడవలో ఉన్నవాళ్ళ పక్షం."

"మరి?"

అతను ఎర్ర పలకని ఆయన ముందు పెట్టాడు.

"ఆ అమ్మాయి కోచ్ అభ్యంతరం పెడితే వీడియో వేసి చూశాం. నురగ తప్ప ఏమీ లేదు. నువ్వు కళ్ళారా చూశావనే నమ్మాం. జట్టుని ప్రకటించేశారు, ఇక నా చేతుల్లో లేదు," అన్నాడాయన.

రెండోరోజు క్లినిక్‌కి వెళ్ళాడు. ఆమె సాగదీసే రబ్బరు బ్యాండ్లు చుడుతోంది. తలెత్తలేదు.

"నేను చూడలేదు. చూడకుండానే ఎత్తాను," అన్నాడు.

"అర్థమైంది." బ్యాండు పక్కన పెట్టింది. "గేటు సరిగ్గా దాటానో లేదో నాకే తెలీదు. దాని గురించి కాదు. ఒక్కటి చెప్పు. నా బదులు ఇంకెవరైనా అయితే ఏం ఎత్తేవాడివి?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు.

"ఏమీ ఎత్తేవాడిని కాదు."

"అంటే నీ మనిషినైనందుకు నాకు పడిన శిక్ష అది." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మా నాన్న ఇలాగే ఉండేవాడు. బయటివాళ్ళతో గొడవొస్తే తప్పెప్పుడూ మా అమ్మదే. ఊళ్ళో అందరికీ ఆయన ధర్మరాజు. ఇంట్లో మాత్రం అమ్మకి చెప్పుకోడానికి దిక్కు లేదు."

"నేనలా కాను. ఒక్కసారికి..."

"కావేమో. కానీ నాకు భయమేస్తోంది." కళ్ళు తుడుచుకుని, పేషెంటు వచ్చే వేళైందంది.

నెల తిరగకుండా ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగం వెతుక్కుంది. అక్కడా ఒక కాలువ ఉందట.

మళ్ళీ ఏడాది సెలక్షన్లు ఇక్కడే జరిగాయి. పేర్లలో ఆమె పేరు చూసి, అతను వారం ముందే టోపీ పెద్ద జడ్జికి ఇచ్చేశాడు. ఆ రోజు జనం మధ్య, కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కింద చెరువులోకి వచ్చేదాకా ఊపిరి తీసుకున్నట్టు లేదు. ఒక్క పలకా లేవలేదు. బోర్డు మీద పేరు మొదటి వరసలో నిలబడగానే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకున్నాడు.

కాసేపటికి ఆమే వెతుక్కుంటూ వచ్చింది. జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"టోపీ లేదేం? మానేశావా?"

"ఇవాళ్టికి."

"ఎందుకు?"

"నా మనిషి పోటీలో ఉందని చెప్పాను."

ఆమె జుట్టులోని నీళ్ళు పిండుకుంది.

"పోయినేడాది చెప్పుండాల్సింది," అంది మెల్లగా. అందులో కోపం లేదు. కోపముంటే బతిమాలుకునేవాడు.

పడవకి ఒక చివర ఆమె, రెండో చివర అతను పట్టుకుని వ్యాన్ దాకా మోశారు. పైన పెట్టి బెల్టులు బిగించారు. వాళ్ళమ్మ ముందు సీట్లోంచి చెయ్యి చాపి, అతని చెంప నిమిరింది.

"వెళ్ళొస్తాం బాబూ."

ఆమె తలుపు వేసుకుని, అద్దం దించింది. ఏదో చెప్పబోయి, ఆగి, నవ్వింది.

"వెళ్తాను," అంది.