పద్ధెనిమిదో వరస

మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారని అడిగితే ఠక్కున చెప్పేస్తారు కదూ? సరే, ఆ మాట మీద నిలబడగలరా? ఒక్కొక్కరినీ వేళ్ళ మీద లెక్కపెట్టి, ఆఖరి వేలు మడిచాక కూడా ఇంకొకరు మిగిలితే... అప్పుడేమంటారు?

నవ్వకండి. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

చెన్నైలో చూలై అనే పేటలో ఇనప షట్టర్లు చేసే షెడ్డొకటి ఉంది. కింద రేకులు వంచే ప్రెస్ మిషన్లు. బయటివైపు నుంచి ఇనప మెట్లు. పైన ఒకే ఒక్క కంప్యూటర్ గది. ఆ గదికి చెడ్డపేరు. చీకటి పడ్డాక అక్కడ కూర్చుంటే లెక్కలో ఒక మనిషి ఎక్కువొస్తాడట. ఏడాదిలో ముగ్గురు ఆపరేటర్లు మానేశారు. ఆఖరివాడు విఘ్నేష్ టిఫిన్ డబ్బా కూడా వదిలేసి పోయాడు. అది ఇప్పటికీ బీరువా మీదే ఉంది. మూత తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

నాలుగోది సునయన. ఒంగోలు పిల్ల, పెరంబూరులో హాస్టలు. దెయ్యమంటే నవ్వుతుంది, ఉద్యోగం పోతుందంటే వణుకుతుంది. వణకదా మరి? పాత కంపెనీ ఒక్క మెయిలుతో నూట యాభై మందిని ఇంటికి పంపినప్పుడు ఆ జాబితాలో తనూ ఒక వరస. ఏడు నెలలు తిరిగితే దొరికింది ఈ పని. చేరి రెండు నెలలు.

ఆ సాయంత్రం సూపర్‌వైజరు జయరామ్ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగాయన, మాటల్లో అరవం కలుస్తుంది.

"ముప్పై ఆరు నెలల హాజరుమా ఇది. పాత రకం ఫైళ్ళు, కొత్త రకం ఫైళ్ళు అంతా కలగాపులగం. అన్నీ ఒకటిగా కలిపి, కొత్త రకంలోకి మార్చి రేపు పదింటికి లేబర్ ఆఫీసులో ఇయ్యాల. మనకాడ ఎప్పుడూ అరవై మందే. నెలకి అరవై వరసలు. ఒకటి ఎక్కువైనా, తక్కువైనా నువ్వు మళ్ళీ ఈ మెట్లు ఎక్కే పనే లే."

"తొమ్మిదింటికల్లా అయిపోతుంది సార్."

"సెరి. గేటు కాడ ఒకామె కూచోనుంటాది. పలకరించబాక. పిచ్చిది."

ఆయన వెళ్ళిపోయాడు. షెడ్డు చీకటైపోయింది.

సునయనకి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చు. అందులో లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, ఎవరో ముందే రాసి పెట్టిన పనిముట్ల పెట్టె. ఫలానా ఫోల్డర్లో ఉన్న ఎక్సెల్ ఫైళ్ళన్నీ చదువు, ఒకదాని కింద ఒకటి పేర్చు అంటే చాలు, మారు మాట్లాడకుండా పేరుస్తుంది. పదిహేను లైన్లు రాసి నొక్కింది.

ముప్పై ఆరు నెలలు, అరవై మంది. రెండు వేల నూట అరవై రావాలి.

రెండు వేల నూట తొంభై ఆరు వచ్చాయి.

"ఇదేంటి..." అనుకుంటూ మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. ముప్పై ఆరు ఎక్కువ. అంటే నెలకి ఒకటి... నెలకి సరిగ్గా ఒకే ఒక్క మనిషి.

ఎక్సెల్‌లో ఒక్కో ఫైలూ తెరిచి వేలు పెట్టి లెక్కపెట్టింది. మొదటి నెల అరవై. రెండో నెల అరవై. పన్నెండో నెలా అంతే. కంటితో చూస్తే అరవై, లైబ్రరీ చదివితే అరవై ఒకటి! తొమ్మిది దాటింది. పది దాటింది. ఈ ఉద్యోగం కూడా పోతే...

టంగ్.

కింద, ఇనప మెట్టు మీద.

ఇంకో టంగ్... ఆగింది. ఎవరో సగం ఎక్కి నిలబడ్డట్టు.

జయరామ్‌కి ఫోన్ చేసింది. "సార్... నెలకొక మనిషి ఎక్కువొస్తున్నాడు."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గుసగుసగా, ఇంట్లోవాళ్ళు వింటారేమో అన్నట్టు — "ఏ వరసో చూడబాక. పేరు చదవబాక. తీసేసి ఇంటికి పోమా."

"చూడకుండా ఎలా తీస్తాను సార్?"

ఫోన్ పెట్టేశాడు.

చూడొద్దంటే చూడకుండా ఉండే పిల్ల కాదు. లైబ్రరీ చదివిన ఈ నెల జాబితాను ఒక పక్క, ఎక్సెల్ ఫైలును ఇంకో పక్క పెట్టి, పేరు పేరుకీ వేలు జరుపుతూ దిగింది. పదహారు పేర్లు కలిశాయి. పదిహేడో పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

దేవరాజులు. ప్రెస్ మిషన్.

ఎక్సెల్‌లో ఆ పేరే లేదు. పైగా షిఫ్టు గడిలో మిగతా అరవై మందికీ 'పగలు' అని ఉంటే, ఇతనొక్కడికే 'రాత్రి' అని ఉంది. రాత్రి షిఫ్టా? ఈ షెడ్డులో రాత్రి షిఫ్టు ఎత్తేసి మూడేళ్ళైందని అందరూ చెప్పుకునే మాటే!

వెనక్కి తిప్పింది. మూడేళ్ళలో ఒక్క సెలవు లేదు. చూలై వీధుల్లో మోకాటిలోతు నీళ్ళు నిలిచిన తుఫాను నాడు నలభై తొమ్మిది మంది రాలేదు. దేవరాజులు వచ్చాడు.

ఈ రోజు తేదీ చూసింది. హాజరు. షిఫ్టు: రాత్రి.

అంటే... ఇప్పుడు... ఇక్కడే.

టంగ్. టంగ్. టంగ్. మెట్లు పూర్తయ్యాయి. తలుపు అవతల ఎవరో రొప్పుతున్నారు.

"ఎవరూ?" అంటూ కుర్చీలోంచి లేచింది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. గేటు దగ్గర కూర్చునే ఆమె! నెరిసిన జుట్టు, చేతిలో చెప్పులు.

"బయపడబాక అమ్మణ్ణీ. నా పేరు మునెమ్మ. నైట్ షిఫ్టు తీసేసినాక ఈడ లైటు ఎలగదు. ఎలగతా ఉంటే... నా మొగుడేమో అనుకుని పైకొచ్చినా. అప్పుడప్పుడూ వస్తా. లోపలుండేవాళ్ళు నన్ను చూడకుండానే పరిగెత్తి పోతారు. అట్లే ఒక పిల్లోడు డబ్బా కూడా ఇడిచిపెట్టి పోయినాడు."

"మీ ఆయన..."

"దేవరాజులు. కింద మిషన్లో పడిపోయినాడు. మూడేండ్లాయె. ఆ పేరుతో మాకాడ మనిషే లేడంటారు ఈ షెడ్డు మొదలాళి. రేపు లేబర్ ఆఫీసులో ఆఖరి రోజంట. ఏదైనా కాయితం చూపించు, లేకపోతే కేసు మూసేస్తామన్నారు. నాకాడ ఆయన ఫోటో తప్ప ఏముంది?"

సునయన స్క్రీన్ వైపు తిరిగింది. పేర్లు కాదు, ఎడమ అంచున ఎక్సెల్ తనే వేసుకునే అంకెలు చూసింది. ఒకటో వరస శీర్షికలది, పేర్లు రెండు నుంచి మొదలు. పదిహేను, పదహారు, పదిహేడు... పంతొమ్మిది.

పద్ధెనిమిది ఏది?

దాచేశారు. ఎక్సెల్‌లో వరసను చెరపక్కర్లేదు, మడిచి దాచెయ్యొచ్చు. కంటికి కనపడదు. కానీ లైబ్రరీకి కళ్ళు లేవు కదా, మొహమాటమూ లేదు. ఉన్నదంతా చదివేస్తుంది. అతను పోయిన నెల అలా దాచిన ఫైలుకే కాపీ తీసి మరుసటి నెల ఫైలు చేశారు, దానికి కాపీ ఆ పై నెలకి. రోజూ పొద్దున్నే మొదటి గడిలో హాజరు గుర్తు వేసి మౌసుతో కిందిదాకా లాగడం, రానివాళ్ళకి తర్వాత మార్చడం. లాగిన ప్రతిసారీ మడతలో ఉన్న గడి కూడా నిండింది.

మరి ఈ రెండు నెలలూ అలా లాగింది ఎవరు?

సునయనే. చచ్చిపోయిన మనిషికి రోజూ పొద్దున్నే తన చేత్తో హాజరు వేసింది.

ఒక్క లైను రాస్తే ఆ ముప్పై ఆరూ ఎగిరిపోతాయి. ఉద్యోగం నిలబడుతుంది. వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. మునెమ్మకి ఆ అంకెలేమీ తెలియవు. ఆమె స్క్రీన్‌ని చూడటం లేదు, సునయన మొహాన్ని చూస్తోంది.

"ఆయన పేరు ఆడ ఉందా అమ్మణ్ణీ?"

"ఉందమ్మా. రోజూ వస్తున్నాడు."

మర్నాడు పదింటికి లేబర్ ఆఫీసులో ఆఫీసరు సునయన ఇచ్చిన కాగితాలు తిప్పి, "అరవై అన్నారే! అరవై ఒకటి కదా ఉన్నారు?" అన్నాడు. పక్కనే ముప్పై ఆరు పాత ఫైళ్ళున్న పెన్‌డ్రైవ్ కూడా ఉంది. మొదలాళి, అంటే షెడ్డు యజమాని, తన సూపర్‌వైజరు జయరామ్ వైపు చూశాడు. జయరామ్ నేల వైపు చూశాడు.

"చెరిపెయ్యమన్నారు సార్. చచ్చిపోయినోడి పేరు చెరపడానికి చెయ్యి రాలే. మడిచి పెట్టినా... అంతే."

సునయన ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది. కేసు మూసెయ్యలేదు, నడుస్తోంది. వాయిదా వాయిదాకీ మునెమ్మతో పాటు సునయన కూడా వెళుతోంది.

ఇక మీరు లేవండి. రేపు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే మీ హాజరు ఫైలు తెరవండి. పేర్లు చదవకండి, ఎడమ అంచున అంకెలు చదవండి. ఎక్కడ ఒక అంకె దాటిపోయిందో అక్కడ ఆగండి. పై వరసనీ కింది వరసనీ కలిపి పట్టుకుని, మౌసు కుడి బటన్ నొక్కి, 'అన్‌హైడ్' అనండి. భయమేస్తే వేసింది. ఆ వరసలో ఉన్న పేరును మాత్రం ఒక్కసారి పైకి చదవండి.