పున్నమ్మ గుట్టెక్కిన రోజు

"మా నాయనమ్మతోటి గుట్ట ఎక్కిస్తరా? మీకేమన్న పిచ్చా మేడమ్?"

సాయికిరణ్ అరుపుకి భద్రాచలం దవాఖానాలో ఫిజియోథెరపీ గదిలో ఉన్నవాళ్లందరూ తలలు తిప్పారు. ఫిజియోథెరపిస్టు ఫ్లోరెన్స్ మాత్రం తిప్పలేదు. అతని నాయనమ్మ పున్నమ్మకి ఆపరేషన్ అయిన మోకాలు మెల్లగా వంచుతూ తాపీగా అంది.

"కొత్త మోకాళ్లతోటి ఏం జేస్తవ్ నాయనమ్మా అని అడిగిన సార్. ఊరెనక గుట్ట ఎక్కుతనన్నది. అందుకే ఎక్కిపిస్తున్న."

"పడితే?"

"పట్టుకోనీకి మీరున్నరు గదా. జిమ్ముకు పోతున్నట్టే ఉన్నరు."

పున్నమ్మ కిసుక్కున నవ్వింది. సాయికిరణ్‌కి కోపం వచ్చింది. కోపంతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

చర్ల దగ్గర వాళ్లకి మిరప, పత్తి చేలున్నాయి. పనులెన్ని ఉన్నా నాయనమ్మని దవాఖానాకి తీసుకురావడం మాత్రం ఇంకెవరికీ వదల్లేదు సాయికిరణ్. కొన్నాళ్లకి ఫోన్లు కూడా మొదలయ్యాయి.

"మేడమ్, నాయనమ్మకి మోకాలు నొప్పి అంటంది."

"ఏ మోకాలు?"

"ఆగండి, అడిగి చెప్త."

"అంటే, అడగకుండనే ఫోన్ చేసిండ్రా?"

ఫ్లోరెన్స్ నవ్వింది. ఆ తర్వాత నొప్పి ఊసు లేకుండానే మాటలు సాగాయి. సినిమాలు, వానలు, చర్చిలో ఆమె పాడే పాటలు.

ఒకరోజు పున్నమ్మ దవాఖానా మెట్లన్నీ ఎక్కి దిగింది. "ఈ వానలు జర తగ్గంగనే గుట్టెక్కుదాం. ఇంక మీరు దవాఖానాకి రానక్కర్లే" అంది ఫ్లోరెన్స్.

నాయనమ్మ ఇంకొంచెం నిదానంగా కోలుకుంటే బాగుండుననిపించింది సాయికిరణ్‌కి. అలా అనిపించినందుకు సిగ్గేసింది. బయట కారిడార్‌లో ఆమె ఎదురుగా నిలబడి చెప్పేశాడు.

"నువ్వంటే నాకిష్టం ఫ్లోరెన్స్."

"నాకూ ఇష్టమే. కానీ మీ నాన్నగారు చర్చికి పోయే మాలాంటోళ్ల పిల్లను కోడలిగా ఒప్పుకుంటరా? ముందు ఆయనకి చెప్పే ధైర్యం ఉందా మీకు? లేకుంటే నన్ను ఆశపెట్టొద్దు."

అతను నాయనమ్మని తీసుకుని ఊరికి బయల్దేరాడు.

వానలు తెరిపిచ్చాక ఒక ఉదయం గుట్టకి బయల్దేరారు. సాయికిరణ్ తండ్రి వెంకటరామారావు సణుగుతూనే వెంట వచ్చాడు. గుట్ట మీది గూడెంలో ఉండే బొజ్జయ్య దారి చూపిస్తూ ముందు నడిచాడు. పున్నమ్మకి ఒకవైపు మనవడు, ఇంకోవైపు ఫ్లోరెన్స్. కూర్చుంటూ, లేస్తూ, మధ్యాహ్నానికి పైకి చేరారు.

కింద పచ్చటి చేలు. వాటికవతల ఎర్రగా, నిండుగా గోదావరి. వెనక చూపు ఆనినంత దూరం అడవి. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నా, తన ఊరిని ఇంత పైనుంచి సాయికిరణ్ ఎన్నడూ చూడలేదు.

పున్నమ్మ బండ మీద కూర్చుని రెండు చేతులూ జోడించింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"రాముడూ, గుర్తుందా? పెద్ద వరదొచ్చినప్పుడు నీ చెయ్యి పట్టుకుని ఇక్కడికే పరిగెత్తుకొచ్చా. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎన్నేళ్లో కాలేదు, మనల్ని ఎరిగినవాళ్లు లేరు. బొజ్జయ్య వాళ్లమ్మ జావ కాచి పోసింది. నీకు జొరమొస్తే పొయ్యి పక్కన పడుకోబెట్టింది. మీది ఏ కులం, ఏ దేవుణ్ణి మొక్కుతారని ఒక్క మాట అడగలా."

"నా దుప్పటి గూడ రావుగారికే ఇచ్చింది మా యమ్మ. రాత్రంత చలికి వణికిన" అన్నాడు బొజ్జయ్య.

వెంకటరామారావు నవ్వబోయాడు. కళ్లు నిండాయి. బొజ్జయ్య భుజం మీద చెయ్యేసి, అలాగే ఉండిపోయాడు.

"ఆ తల్లి రుణం తీర్చేది కాదు. నేను బతికుండగా ఒక్కసారన్నా ఇక్కడికి వచ్చి దణ్ణం పెట్టుకోవాలనుకున్నా. ఈ పిల్ల పుణ్యమా అని వచ్చా" అంది పున్నమ్మ, ఫ్లోరెన్స్ చెంప నిమురుతూ.

సాయికిరణ్ లేచి నిలబడ్డాడు.

"నాన్నా, నేను ఫ్లోరెన్స్‌ని పెళ్లి చేసుకుంట."

ఫ్లోరెన్స్ తల వంచుకుంది. వెంకటరామారావు కొడుకు వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఇంతలో సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఆయన ముందుగా దిగడం మొదలుపెట్టాడు.

సగం దారి దిగారు. ఒకచోట బండ నున్నగా, తడిగా ఉంది. వెంకటరామారావు ఆగి, వెనక్కి తిరిగి, ఫ్లోరెన్స్‌కి చెయ్యి అందించాడు.

"జాగ్రత్తమ్మా, ఇక్కడ జారుద్ది."

ఆమె ఆ చెయ్యి పట్టుకుని దిగింది. ఆయన వదల్లేదు.

"ఆదివారం మీ అమ్మానాన్న చర్చి నుంచి ఎన్నింటికొస్తారు?"

"పదకొండింటికి అంకుల్" అంది ఫ్లోరెన్స్.

"అయితే భోజనాల వేళకి వస్తాం. మా అమ్మని కూడా తీసుకొస్తా. మీ ఇంటికి మెట్లేమన్నా ఉన్నాయా?"

"ఉంటే ఏం? ఎక్కుతా!" అంది వెనక నుంచి పున్నమ్మ.

ఫ్లోరెన్స్ వానలో తడుస్తూ, ఏడుస్తూ, నవ్వేసింది.