లోపలి నుంచి తెరుచుకోని తలుపు

కొత్త తలుపులకు వేసిన నీలిరంగు వాసన ఇంకా పోలేదు. బడి వంటగదిలోంచి ఉడికిన చిక్కుడు గింజల వాసన, మొక్కజొన్న రొట్టె వాసన కలిసి వస్తున్నాయి. కిటికీ బయట కెంటకీ కొండల మీద సన్నటి వాన. రెండో తరగతి గదిలో, పిల్లలు కూర్చునే కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది వెర్నా స్టిడమ్. రెండేళ్ళ తర్వాత ఆమె ఈ బడిలో మళ్ళీ అడుగుపెట్టడం ఇదే.

"మెల్లగా కదులు వెర్నా. కుర్చీ విరిగిందంటే కొత్తది కొనే దిక్కు లేదు ఈ బడికి," అన్నాడు పక్కనున్న హోబర్ట్ నేపియర్.

"విరిగితే నీ అటకమీది తుపాకులు అమ్మి కొనిపెట్టు. పది బళ్ళకు సరిపోతాయి."

ఒకప్పుడు బొగ్గుగని సమ్మెలో ఇద్దరూ ఒకే లారీకి అడ్డంగా పడుకున్నవాళ్ళు. ఇప్పుడు చెరో వైపు. హోబర్ట్ మనవరాలు లీథా ఈ తరగతిలోనే చదువుతోంది.

సాయంత్రం బడి బోర్డు సమావేశం. ఈ కారిడార్‌లో పెట్టిన ఇనుప తలుపులు బడి అంతా పెట్టాలా వద్దా అన్నది తేల్చాలి. ఆఫీసులో ఒక బొత్తాం నొక్కితే తాళాలన్నీ ఒకేసారి పడతాయి. మళ్ళీ ఆఫీసువాళ్ళు వదిలేదాకా లోపలివాళ్ళు కూడా తీయలేరు. భయంలో ఎవరూ తొందరపడి తెరవకూడదని అలా చేయించారట. ఓటు వేసేముందు, తుపాకీతో ఎవడైనా చొరబడితే పిల్లలు దాక్కునే డ్రిల్లు కళ్ళారా చూడండని ప్రిన్సిపాల్ పెద్దవాళ్ళను పిలిచాడు.

"తలుపు గట్టిదైతే నీకేం నొప్పి? ఆ రోజు ఇవే ఉండుంటే..." అని హోబర్ట్ నాలుక కరుచుకున్నాడు.

"ఆపావేం? అను. ఇవే ఉన్నా నా మనవరాలు బయటే ఉండేది. బీరు కొనడానికి చాలని వయసు ఆ కాల్చినవాడిది. తుపాకీ కొనడానికి మాత్రం చాలింది. దాని గురించి అడగరా అంటే ఒక్కడికీ నోరు పెగలదు. తలుపులట, తలుపులు!"

వెర్నా మనవరాలు ఓపల్ ఆ రోజు బాత్రూంకి వెళ్ళింది. అంతే. తలుపులు మూయమని మైకులో చెప్పాక ఎవరికీ తెరవకూడదు. పసిపిల్ల గొంతు వినిపించినా సరే, ఆ పిల్ల వెనక తుపాకీ ఉండొచ్చు. ఏటా నేర్పే రూలు అది. ఓపల్ ఒక్కో తలుపూ తట్టుకుంటూ కారిడార్ చివరిదాకా పోయి, చివరి తలుపు దగ్గర తూటాకు కూలిపోయింది. అందరూ రూలు పాటించారు. పాటించబట్టే ఆ గదుల్లో పిల్లలు బతికారు. మరి ఎవర్ని తిట్టాలి? గని యజమానుల్ని నిలబెట్టి కడిగేసిన నోరు వెర్నాది. ఈ ఒక్కదానికే దానికి మాట దొరకలేదు.

టీచరు జనెల్ కూంబ్స్ బోర్డు తుడిచిందే మళ్ళీ తుడుస్తోంది. ఆ రోజు కూడా ఈ గది ఆమెదే; ఓపల్ బయటికి వెళ్ళింది ఇక్కణ్ణుంచే. వెర్నా వచ్చినప్పటి నుంచీ ఆమె తలెత్తలేదు.

మైకు గురగురమంది. తాళం ఠక్కున పడింది. లైట్లు ఆరాయి. జనెల్ కిటికీకి నల్లటి తెర దించింది.

ఎవరూ చెప్పకుండానే పిల్లలు లేచి తలుపుకు కనబడని మూలకు చేరారు. జనెల్ తలా ఒక పుల్ల మిఠాయి ఇచ్చింది. నోట్లో ఉంటే ఏడుపు బయటికి రాదని. లీథా వెర్నా చెయ్యి పట్టి కింద కూర్చోబెట్టింది.

"కాళ్ళు కనిపిస్తున్నాయి మామ్మా, లోపలికి లాక్కో," అంది గుసగుసగా. "దగ్గు వస్తే చొక్కాలో దగ్గాలి."

ఏడేళ్ళ పిల్ల చావు తప్పించుకునే విద్య చెబుతోంటే, డెబ్బయ్యేళ్ళ మనిషి నేర్చుకుంది.

చీకటి. వాన చప్పుడు. పాతిక చిన్న ముక్కులు ఊపిరి పీల్చే చప్పుడు. కారిడార్‌లో బూట్లు నడిచొచ్చాయి. బయటి హ్యాండిల్ గడగడలాడింది. తాళం పడిందో లేదో చూసే పోలీసు డెప్యూటీ. బూట్లు దూరమయ్యాయి. ఆఫీసు తలుపు మూసుకుంది.

ఇక చప్పుడు లేదు.

తర్వాత ఎక్కడో దూరంగా... టప్. టప్. టప్.

చిన్న అరచేత్తో తలుపు తట్టినట్టు. ఆగింది. ఈసారి కాస్త దగ్గరగా. మళ్ళీ ఆగింది. ఇంకో తలుపు. ఇంకా దగ్గరగా.

ఈ గది తలుపు మీద. చాలా కిందగా.

"మిస్... నేనే. వచ్చేశాను. తీయండి."

వెర్నాకు ఆ గొంతు తెలుసు.

"టేపు పెట్టారు," అన్నాడు హోబర్ట్. "పరీక్ష... అంతే."

"పిల్లల గొంతు వాడరు," అంది జనెల్. "ఎప్పుడూ వాడరు."

వెర్నా మోకాళ్ళ మీద పాకింది. ఇనుప తలుపుకు చెవి ఆనించింది. అవతల ఎగశ్వాస.

"ఓపల్?"

"మామ్మా? నువ్వెందుకు లోపలున్నావ్?"

వెర్నా హ్యాండిల్ పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. రాలేదు.

"తీయి మామ్మా. వస్తున్నాడు."

చీకట్లో ఇంకో రెండు చేతులు వచ్చి ఆమె చేతుల మీద పడ్డాయి. జనెల్‌వి. "ఈసారి తీస్తాను... తీస్తాను తల్లీ... ఈసారి తీస్తాను..." ఆ రోజు తీయగలిగి తీయని తలుపు. ఇవాళ ప్రాణం పెట్టి లాగినా రాని తలుపు. హోబర్ట్ కూడా వచ్చి గనిలో అరిగిన భుజం గోడకు ఆనించి గుంజాడు. ముగ్గురు పెద్దవాళ్ళు. తలుపు వెంట్రుకవాసి కదల్లేదు.

"ఆఫీసుకు చెప్పండర్రా! తీయమనండి!" వెర్నా అరిచింది. తాళం వదల్లేదు. ఆఫీసుకు రూలుంది. అరుపు వినిపించినా తీయకూడదు.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"పోనీలే మామ్మా... ఏడవకు. పక్క తలుపు తడతాను."

టప్. టప్. టప్. పక్క గది మీద. తర్వాతి గది మీద. దూరంగా... ఇంకా దూరంగా...

ఆగిపోయింది.

వెర్నా నుదురు ఇనుముకు ఆనించి అలాగే ఉండిపోయింది. ఎప్పటికో తాళం వదిలింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

కారిడార్ నిండా వెలుతురు. ఎవరూ లేరు. డెప్యూటీ ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. "నేను హ్యాండిల్ ఊపానంతేనండీ. కెమెరాలో ఎవరూ లేరు. ఏమైంది?" పక్క గది టీచరు గోడకు జారగిలబడి ఏడుస్తోంది.

తలుపు బయటివైపు, నీలిరంగు మీద తడి చేతి ముద్ర. చిన్నది. బొటనవేలు పక్కకు వాలి ఉంది. పుట్టిన రోజునుంచీ తన వేలు చుట్టుకున్న ఆ బొటనవేలు వెర్నాకు తెలియదా? దాని మీద అరచెయ్యి పెట్టింది. మంచులా ఉంది. ఆ తడి ఆరిపోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టింది.

దాని పక్కనే ఇంకో ముద్ర ఉంది. ఓపల్‌ది కాదు.

లీథా గదిలోంచి వచ్చింది. ఆటలోలాగా తన చెయ్యి ఆ రెండో ముద్ర మీద పెట్టింది. అయిదు వేళ్ళూ సరిపోయాయి. ఉంగరపు వేలికి చుట్టిన బ్యాండేజీ గీత కూడా.

"తాతా, ఇది నాదే!"

హోబర్ట్ ఆ పిల్లను గుంజి గుండెకు అదుముకున్నాడు. "నువ్వు లోపలే ఉన్నావు కదే... నా పక్కనే ఉన్నావు కదే..."

వెర్నా తలెత్తి చూసింది. ఆ రెండో ముద్ర కారిడార్ పొడుగునా ప్రతి తలుపు మీదా ఉంది. చివరి తలుపు మీద మాత్రం అది నేలదాకా జారింది.