మూడో కుర్చీ

నా ఉద్యోగం అడగడం. ఏం చేస్తుంటావమ్మా అని ఎవరైనా అంటే అదే చెబుతాను, నవ్వుతారు. మానసిక వైద్యశాల వెనకవైపు, ఒకప్పుడు దుప్పట్లు దాచిన గదిలో నాకొక ఇనప బల్ల, రెండు ఇనప కుర్చీలు వేసిచ్చారు. ఒక కుర్చీలో నేను, ఎదుటి కుర్చీలో రోగి. గోడలకి సున్నం పెచ్చులు లేచిపోయింది. ఎన్నిసార్లు ఫినాయిలు పోసి కడిగినా తడిసి ఆరని దుప్పట్ల వాసన మాత్రం పోలేదు. ఫ్యాను టక్కు టక్కుమంటూ తిరుగుతుంటే మధ్యాహ్నం పూట నాకు కునుకు కూడా పట్టేది.

అక్కడ కొత్త మాత్ర ఒకటి పరీక్షిస్తున్నారు. పక్కన ఎవరూ లేకపోయినా చెవిలో గొంతులు వినపడే జబ్బుకి. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి ఉత్త పిండి మాత్ర. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది ఇస్తున్నారో నాకూ తెలియదు, పెద్ద డాక్టరుగారికీ తెలియదు. వారం వారం రోగుల్ని కూర్చోబెట్టి అవే ప్రశ్నలు, అదే వరసలో, అవే మాటల్లో అడగాలి. తల ఊపకూడదు, అయ్యో అనకూడదు, ఓదార్చకూడదు. చిలకలా అడిగి రాసుకోవడమే. అది నాకు బాగానే చేతనయింది, ఒక్క ప్రశ్న దగ్గర తప్ప.

“ఈ వారం ఆ గొంతు వినిపించిందా? ఏమంది? ఎవరి గొంతులా ఉంది?”

ఇక్కడికొచ్చేసరికి తెలియకుండానే ముందుకు వంగేదాన్ని. మాట దానంతటదే మెత్తబడేది. ఎందుకంటే మా ఇంట్లో ఆ ప్రశ్న నోటి వెంట రాకూడదు.

మా తమ్ముడికీ అదే జబ్బు. చదువు మధ్యలో మొదలైంది. ఇప్పుడు గది దాటి బయటికి రాడు. భోజనాల బల్ల చుట్టూ మూడు కుర్చీలుంటే మూడోది ఎప్పుడూ ఖాళీయే. దుమ్ము పట్టకుండా అమ్మ రోజూ తుడుస్తుంది, అంతే.

“వాణ్ణి దాని గురించి అడక్కే” అంటుంది అమ్మ. “అడిగేకొద్దీ అది చనువు తీసుకుంటుంది.”

నాకు ఒళ్లు మండేది. చనువు తీసుకోడానికి అదేమైనా మేనత్తా? కానీ అమ్మతో వాదించి నెగ్గినవాళ్లు మా వంశంలో లేరు. అందుకని తమ్ముణ్ణి అడగాల్సిందంతా పరాయివాళ్లని అడిగేదాన్ని. సిబ్బంది ఇంటివాళ్లని పరీక్షలో చేర్చుకోరు. మందు నెగ్గితే మాత్రం మొదటి డబ్బా మీ తమ్ముడికేనమ్మా అని డాక్టరుగారు మాటిచ్చారు. నేను ఆ ఆస్పత్రికి వెళ్లేది ఆ డబ్బా కోసమే.

నా రోగుల్లో టైలరు ఒకడు. చాలా మంచి మనిషి, ఎప్పుడొచ్చినా నా జాకెట్టు భుజం దగ్గర పట్టేసిందని బెంగపడేవాడు. అతని చెవిలో ఒక ముసలావిడ “కుట్టు వంకర, విప్పు” అంటుంది. విప్పి కుట్టి, కుట్టి విప్పి, చివరికి దుకాణం మూసుకున్నాడు. ఇంకొకాయన లెక్కల మాస్టారు. ఆయనకి పసివాడి గొంతు. “తప్పు. మళ్లీ చెయ్యి” అంటుందట. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ రోడ్డు మధ్యలో నిలబడిపోయేవారు.

“అది వచ్చేముందు కుర్చీ లాగిన చప్పుడవుతుంది మేడమ్” అన్నాడు టైలరు ఒకసారి. “తీరిగ్గా కూర్చుని మరీ తిడుతుంది.” మాస్టారూ అదే మాట అన్నారు. ఈ జబ్బులో ఇలాంటివి మామూలే కాబోలు అనుకున్నాను.

వానలు మొదలయ్యేనాటికి టైలరుకి ఆ గొంతు ఆగిపోయింది. తర్వాత మాస్టారుకి. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరికి. టైలరు దుకాణం తెరిచాడు, నా జాకెట్టు భుజం సరిచేసి డబ్బు తీసుకోనన్నాడు. డాక్టరుగారు వరండాలో ఈల వేసుకుంటూ తిరిగారు. నాకు కాళ్లు భూమ్మీద నిలవలేదు. 

ఇంట్లో మాత్రం సరిగ్గా అప్పుడే తమ్ముడికి ఎక్కువైంది. కాలు కాలిన పిల్లిలా గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగేవాడు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. సాయంత్రాలు నేను చెప్పులు విప్పుతుంటే లోపలెక్కడో కుర్చీ లాగిన చప్పుడయ్యేది. అమ్మ ఇల్లు ఊడుస్తోందనుకునేదాన్ని. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టరా తండ్రీ, మందు వచ్చేస్తోంది అని వాడి తలుపు బయట నిలబడి మనసులో అనుకునేదాన్ని.

ఆవేళ పగలంతా మబ్బు పట్టి, గాలి ఆడలేదు. పని ముగుస్తుందనగా డాక్టరుగారు పిలిచారు. ఆయన ముందు టీ తాగకుండానే చల్లారిపోయి ఉంది.

“మందు ఓడరేవులోనే ఉందటమ్మా” అన్నారు.

“ఏ మందు సార్?”

“అసలు మాత్ర. ఆ పెట్టెలు ఇంకా రేవు దాటలేదు. మనకి పంపిన రెండు రకాల పెట్టెల్లోనూ ఉన్నవి పిండి మాత్రలేనట. సర్దినవాళ్ల పొరపాటు. ఇప్పుడే ఫోను చేసి చెప్పారు.”

“మరి వీళ్లందరికీ ఎలా తగ్గింది?”

“నమ్మకం కూడా మందులాగే పనిచేస్తుంది కదమ్మా” అన్నారు ఆయన, తనకే నమ్మకం లేనట్టు.

నాకు ఏడుపొచ్చింది. తమ్ముడికని ఆశపెట్టుకున్న డబ్బా, అసలు లేనే లేదు. ముఖం కడుక్కుని గదికి వచ్చేసరికి టైలరు ఎదుటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజుకి చివరివాడు. బయట చినుకులు మొదలయ్యాయి. దుప్పట్ల వాసన గుప్పుమంది, ఎప్పటికన్నా ఎక్కువగా.

ప్రశ్నలు వరసగా అడిగాను. గొంతు వినిపించిందా అంటే లేదన్నాడు నవ్వుతూ. అక్కడితో ఆగిపోవాలి. కానీ ఆవేళ నాకు మనసు మనసులో లేదు. కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను.

“అయితే అది ఎటు పోయిందంటారు?”

టైలరు నవ్వు ఆపేశాడు. వింతగా చూశాడు నన్ను.

“మీకు తెలుసనుకున్నాను మేడమ్.”

“నాకేం తెలుసు?”

“చెప్పే పోయింది కదా...” అతను గొంతు తగ్గించాడు. “ఇన్నేళ్లలో నన్ను గురించి ఇంత ఆపేక్షగా అడిగినవాళ్లు లేరు, ఆవిడ ఇంటికి పోతున్నాను అంది. మాస్టారుదీ అలాగే అందట. మీరేగా మేడమ్ వారం వారం అడిగింది... ఏమంది, ఎలా ఉంది అని.”

ఫ్యాను టక్కుమని ఆగింది. కరెంటు పోయింది.

“నాకేం వినపడటం లేదే” అన్నాను. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

“మీకు వినపడదట.” చీకట్లో అతని గొంతు గుసగుసలా ఉంది. “అడిగేది ఆవిడే గానీ... వినేవాడు ఇంట్లో వేరే ఉన్నాడు అంది.”

తమ్ముడి సంగతి ఆ ఆస్పత్రిలో డాక్టరుగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సంచి అందుకున్నానో లేదో గుర్తులేదు. వానలో పరిగెత్తాను.

మా వీధిలోనూ కరెంటు లేదు. అమ్మ బల్ల దగ్గర కొవ్వొత్తి వెలిగించుకుని కదలకుండా కూర్చుని ఉంది. వాడి కుర్చీ ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. చెప్పులు విప్పుతున్నాను.

లోపల కుర్చీ లాగిన చప్పుడైంది.

“అమ్మా... నువ్విక్కడే ఉన్నావుగా?”

“ఎక్కడికి పోతానే ఈ వానలో?” అంది అమ్మ. ఆమెకి ఏమీ వినపడలేదు.

కొవ్వొత్తి తీసుకుని తమ్ముడి గది తలుపు తోశాను. ఆ గదిలో జరపడానికేమీ లేదు. నేల మీద ఒక పరుపు, ఒక కిటికీ, అంతే. వాడు పరుపు అంచున ముడుచుకుని, ఇరుకు బస్సులో కూర్చున్నవాడిలా భుజాలు దగ్గరికి లాక్కుని ఉన్నాడు. ఆ వాసన... తడిసి ఆరని దుప్పట్లది... మా ఇంట్లో.

“అడక్కే” అంది అమ్మ వెనక నుంచి. అమ్మ అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అడిగాను. ఇన్నేళ్లుగా గొంతులో పట్టి ఉంచుకున్నది.

“ఒరే నాన్నా... నీకేం వినపడుతోందిరా?”

వాడు నాకేసి చూశాడు. వాడి కళ్లు అలిసిపోయి ఉన్నాయి.

“ముందు ఒక్కటే అక్కా. దానికి అలవాటు పడ్డాను. ఇప్పుడు ఒక్కోటీ వస్తున్నాయి. కుర్చీ లాక్కుని కూర్చుంటాయి. చోటు చాలటం లేదు.”

“ఏమంటున్నాయి?”

“ముసలావిడ ఒకతి... కుట్టు వంకర, విప్పు అంటుంది. నాకు కుట్టడమే రాదక్కా. ఒక పిల్లాడు... తప్పు, మళ్లీ చెయ్యి అంటాడు. ఏం చెయ్యాలో చెప్పడు.”

ఆ మాటలు నేనింట్లో ఎప్పుడూ చెప్పలేదు. వాటిని పిలుచుకొచ్చింది నేనే. వారం వారం ముందుకు వంగి, మెత్తగా అడిగి, వెంటబెట్టుకుని తెచ్చి వీడి చుట్టూ కూర్చోబెట్టాను.

“నువ్వు తెస్తున్నావనే చెప్పాయి” అన్నాడు తమ్ముడు. “నీ మీద కోపం లేదక్కా.”

ఆ మాటకి నా గుండె చెరువైంది. వాడి పక్కన కూర్చున్నాను. గదిలోకి చూసి, ఎవరికేసి చూడాలో తెలియక గోడకేసి చూసి మాట్లాడాను.

“వాణ్ణి వదిలెయ్యండి. అడిగింది నేను కదా. వింటాను. నా దగ్గరికి రండి.”

ఏమీ లేదు. వాన చప్పుడు... అమ్మ ఊపిరి...

కొవ్వొత్తి మంట పక్కకి ఒరిగింది. గాలి లేదు.

తర్వాత నేల మీద ఇనుము గీసుకున్న చప్పుడు. దూరంగా కాదు. నా వెనక. ఒకటి... దాని పక్కన ఇంకొకటి... ఇంకొకటి. తమ్ముడి భుజాలు మెల్లగా విడిపోయాయి. చివరి చప్పుడు ఆగేసరికి వాడు పరుపు మీద వాలి నిద్రపోయాడు, చిన్నప్పటిలా, నోరు తెరుచుకుని.

నా చెవి వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

తెల్లారేసరికి వాన వెలిసింది. తమ్ముడు తలుపు తీసుకుని తనంతట తానే బయటికి వచ్చాడు. తల దువ్వుకుని ఉన్నాడు. “ఆకలేస్తోందమ్మా” అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నాకూ కళ్లు నిండాయి. నా చెవిలో ముసలావిడ నా జాకెట్టు భుజాన్ని గురించి మొదలుపెట్టి అప్పటికి చాలాసేపయింది. అయినా ఏం ఫరవాలేదనిపించింది. ఇది నేను మోయగలను అనిపించింది.

ఫోను మోగింది. డాక్టరుగారు. అసలు మాత్రలు రేవు దాటాయట. కొత్త రోగులు వచ్చి కూర్చున్నారట. “అందరిలోకి మీ రోగులకే బాగా తగ్గిందమ్మా, మీరే అడగాలి” అన్నారు. రానని చెప్పి పెట్టేశాను.

తమ్ముడు మూడో కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. అమ్మ తన ముందు పెట్టిన కంచం పక్కకి జరిపి, బల్ల మీదికి వంగాడు. వాడి ముఖం నిండా ప్రేమ.

“అక్కా, నీకేమైనా వినపడుతోందా? ఏమంటోంది?”

వంటింట్లో గిన్నె కింద పడింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నా పెదవులకేసే చూస్తూ నిలబడింది. చెప్పాలని ఎంత ఉందో. ఒక్క మాట చెబితే చాలు, బరువు దిగిపోతుంది. ఎటు దిగుతుందో నాకు తెలుసు.

“ఏమీ లేదురా. తిను.”

“సరే అయితే” అన్నాడు తమ్ముడు. కంచం దగ్గరికి లాక్కున్నాడు. ముద్ద కలపబోతూ ఆగి, నా వెనక్కి ఒకసారి చూసి, తన కుర్చీ మెల్లగా పక్కకి జరిపాడు. ఆ పక్క గోడ వైపు, మనిషి పట్టేంత చోటు వచ్చింది.