పదకొండు గంటల స్లాట్

పేరు మీద ఎర్ర గీత ఉంది.

హెడ్ కానిస్టేబుల్ నూకరత్నం ఆ గీతని ఫోన్‌లో ఫొటో తీసింది. టైమ్ ఉదయం 9.40. డైరీ ఫార్మ్ అనే పేటలో మొబైల్ షాపు పై అంతస్తు. పైలట్లకి ఇంగ్లీషు ఇంటర్వ్యూలు జరిపే సెంటర్. గోడ మీది లిస్టులో పదకొండు గంటల స్లాట్‌కి ఎదురుగా 'అబిగేలు' అన్న పేరు కొట్టేసి ఉంది. పక్కన నీలం ఇంకుతో ఇంకో పేరు. లోహిత్.

ఆ కొట్టేసిన పేరు గల మనిషి గది నడిమధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇరవై ఏడేళ్లుంటాయి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, ఒళ్లో ఫైలు.

"లేవమంటే లేవట్లేదు మేడమ్," అన్నాడు మేనేజర్ రామ్‌ప్రసాద్. "న్యూసెన్స్ కేసు రాసుకోండి."

"పోలీసుల్ని పిలిచింది మీరా, ఈవిడా?"

"ఆవిడే."

"అయితే ముందు ఆవిడ మాట వింటాను."

అబిగేలు ఏడవలేదు.

"దీదీ, నిన్న పొద్దున ఎవరో నా పేరు చెప్పి ఫోన్ చేసి నా ఇంటర్వ్యూ క్యాన్సిల్ చేశారు. నేను కాదు. ఒకరోజు ముందు క్యాన్సిల్ చేసినవాళ్లని ఈ సెంటర్ మూడు నెలలు రానివ్వదంట. ఇరవై అయిదో తారీకుకి లెవెల్ ఫోర్ సర్టిఫికెట్ చూపించకపోతే కంపెనీ నా సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది."

"లెవెల్ ఫోర్ అంటే?"

"ఎదురుగా ఎగ్జామినర్ కూర్చుంటాడు. అరగంట ఇంగ్లీషులో మాట్లాడాలి. కిందటిసారి నాకు త్రీ ఇచ్చారు. అప్పుడు పాప పుట్టి నెలే అయింది. ఈసారి మాత్రం వదల్ను."

రామ్‌ప్రసాద్ వాచీ చూసుకున్నాడు. "ఎగ్జామినర్‌గారు చెన్నై నుంచి వచ్చారు. 3.40 ఫ్లైట్‌కి వెళ్లిపోతారు. ఆఖరి ఇంటర్వ్యూ ఒంటిగంటకి. ఆ లోపల ఆ ఫోన్ వేరేవాళ్లు చేశారని పోలీసులు రాసిస్తే కూర్చోబెడతాను. లేకపోతే రూల్ రూలే." నూకరత్నం వైపు తిరిగాడు. "కాల్ అంతా ఇంగ్లీషులో జరిగింది. మీరు ఇంగ్లీషు ఫాలో అవుతారా మేడమ్?"

నూకరత్నం చదువు పదో క్లాసుతో ఆగింది. తండ్రి డ్యూటీలో పోతే ఆ ఉద్యోగం ఆమెకి వచ్చింది. ఆ ప్రశ్న ఆమెకి కొత్త కాదు.

"నేను ఫాలో అవ్వాల్సింది మనిషిని సార్. ఇంగ్లీషుని కాదు."

అప్పుడే ఎస్.ఐ. ఫోన్. "ఛోడో, వదిలెయ్ నూకరత్నం. ఫోన్ కాల్ కూడా కేసేనా? జెట్టీ డ్యూటీకి వెళ్లు."

"ఒంటిగంట దాటాక వెళ్తాను సార్," అని పెట్టేసింది.

ముందు రిసెప్షన్. అక్కడ భానుశ్రీ, ఆమె ముందు లావుపాటి రిజిస్టర్.

"కాల్ ఎన్నింటికి?"

"8.47కి మేడమ్. ఇదిగో, రాశాను."

"ఏ నంబర్ నుంచి?"

"ల్యాండ్‌లైన్ కదా. నంబర్ పడదు."

ఎక్స్చేంజ్ నుంచి వివరాలు రావాలంటే మూడు రోజులు. చేతిలో ఉన్నది మూడు గంటలు.

"గొంతు?"

"ఆడగొంతు. చాలా స్పష్టంగా ఉంది. అబిగేలు మేడమ్ గొంతులాగే ఉంది. పేరు చెప్పారు, ఫైల్ నంబర్ చెప్పారు, రేపటి పదకొండు గంటల ఇంటర్వ్యూ క్యాన్సిల్ చెయ్యమన్నారు. అన్నీ ఇంగ్లీషులోనే."

"నువ్వేం చేశావ్?"

"రాసుకుని, తప్పు పోకుండా మళ్లీ చదివి వినిపించాను. ఆవిడ 'రీడ్‌బ్యాక్ కరెక్ట్' అని పెట్టేశారు. అందుకే నాకు డౌట్ రాలేదు. పైలట్లు కాకపోతే అలా ఎవరంటారు మేడమ్?"

నూకరత్నం ఆ రెండు ముక్కలూ నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాల్లో రాసుకుంది.

10.05. అబిగేలు పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ ఫైల్ నంబర్ ఎవరెవరికి తెలుసు?"

"మా బ్యాచ్ గ్రూప్‌లో అందరం హాల్ టికెట్లు పెట్టుకున్నాం. లోహిత్‌కి తెలుసు. మా ఆయన యేసు కుమార్‌కి తెలుసు."

"ఆయనెక్కడ?"

"డిగ్లీపూర్ వెళ్లే షిప్‌లో. ఇంజిన్ రూమ్ డ్యూటీ. నిన్న ఆ టైమ్‌కి సముద్రం మీద ఉన్నారు, సిగ్నల్ ఉండదు."

"నువ్వు విమానం నడపడం ఆయనకి ఇష్టమేనా?"

"షిప్ ఎక్కినవాళ్లందరికీ నా యూనిఫాం ఫొటో చూపిస్తారు దీదీ. తినేవాళ్లని కూడా వదలరు."

నూకరత్నం షిప్పింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంది. డ్యూటీ మాట నిజమే.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా అమ్మ కృపావతి. పాపని చూసుకుంటుంది. అమ్మది ఐదో క్లాసు. ఇంగ్లీషు రాదు."

రామ్‌ప్రసాద్ నవ్వాడు. "అయితే ఆవిడ పేరు కూడా కొట్టేయండి మేడమ్."

నూకరత్నం ఆ పేరు రాసింది. కొట్టెయ్యలేదు.

10.20. లోహిత్. పాతికేళ్లవాడు, మెడలో హెడ్‌ఫోన్స్. పోలీసుని చూడగానే ముందే సమాధానం మొదలుపెట్టాడు.

"వెయిటింగ్ లిస్ట్‌లో ఫస్ట్ నేనే. నిన్న 9.05కి సెంటర్ నుంచి కాల్ వచ్చింది, వస్తానన్నాను. అదే నేరమా?"

"8.47కి ఎక్కడున్నావ్?"

"జిమ్‌లో. కెమెరా కూడా ఉంది. అయినా నాది ఆడగొంతులా ఉందా మేడమ్?"

"నీకోసం అక్కో చెల్లో చేసి ఉండొచ్చుగా."

"నాకు ఇద్దరూ అన్నయ్యలే. చూడండి, ఇంకో నలభై నిమిషాల్లో నా ఇంటర్వ్యూ. నా ప్రిపరేషన్ పాడవుతోంది."

"ఏం ప్రిపరేషన్? నాకు చూపించు."

లోహిత్ విసుక్కుంటూ ఫోన్‌లో ఒక రికార్డింగ్ పెట్టాడు. అందులో విమానాలకి దారి చెప్పే ఎయిర్‌పోర్ట్ టవర్ గొంతు ఏదో చెప్పింది. దాన్ని లోహిత్ అంకె పోకుండా తిరిగి చెప్పాడు. రికార్డింగ్‌లో గొంతు 'రీడ్‌బ్యాక్ కరెక్ట్' అంది. ఇంకోటి. మళ్లీ అలాగే. మూడోది.

"ఇంకోసారి," అంది నూకరత్నం.

నాలుగోసారి ఆమె పెన్ను ఆగింది.

"ఆ ఆఖరి మాట నువ్వెందుకు అనట్లేదు?"

"నేనెందుకంటాను? టవర్ చెప్పింది నేను తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పానో లేదో విని, ఆ మాట అనేది టవర్."

"భానుశ్రీ చదివింది విని నువ్వు 'అవును' అనాలనుకో. ఏమంటావ్?"

"'అఫర్మ్' అంటాను. ఏ పైలట్ అయినా అంతే అంటాడు."

నూకరత్నం లేచింది. అబిగేలు దగ్గర ఆగి ఇల్లెక్కడో అడిగి, గరాచర్మలో అని తెలుసుకుంది. "నువ్వు ఇక్కడే కూర్చో. ఎవరు లేవమన్నా లేవకు."

రోడ్డు పని దగ్గర ఆటో ఇరవై నిమిషాలు నిలిచిపోయింది. ఆమె గరాచర్మలో దిగేసరికి 11.25.

కొత్తగా కట్టిన ఇల్లు, గోడలకి ఇంకా రంగు వెయ్యలేదు. లోపల చీరతో కట్టిన ఉయ్యాల, అందులో ఏడు నెలల పాప. ఉయ్యాల ఊపుతున్న కృపావతి యాభై దాటిన మనిషి. ఖాకీ చీర చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మంచినీళ్లు తాగుతారా అమ్మా?"

"ఇవ్వండి పిన్నిగారూ."

కృపావతి నీళ్లు తెచ్చింది. కూర్చోమంది. ఎండ ఎక్కువగా ఉందంది. పోలీసు ఇంటికొచ్చినా, కూతురి ఇంటర్వ్యూ ఏమైందని మాత్రం అడగలేదు.

టేబుల్ మీద బైబిల్, పక్కన క్లిప్పు పెట్టిన కాగితాలు. తెలుగు అక్షరాలే. కింద దీర్ఘాలూ ఒత్తులూ దిద్దిన గుర్తులు. నూకరత్నం పైకి చదివింది. "డిసెండ్ టు ఫ్లైట్ లెవెల్ ఎయిట్ జీరో."

"చర్చిలో వాక్యం చదివేది మీరేనా?"

"పదహారేళ్లుగా నానే."

"మంచి గొంతు." నూకరత్నం గ్లాసు కింద పెట్టింది. "పాపకి ఎండ తగలకుండా గుడ్డ కప్పండి. సెంటర్‌కి వెళ్దాం."

ఎందుకని కృపావతి అడగలేదు. గుడ్డ వెతుక్కుంది.

12.30. రామ్‌ప్రసాద్ గది. అబిగేలు, భానుశ్రీ, లోహిత్. గుమ్మం దగ్గర పాపని ఎత్తుకుని కృపావతి.

"అందరం ఒక్క తప్పే చేశాం," అంది నూకరత్నం. "ఫోన్‌లో ఆవిడ అన్న ఆఖరి మాట విని, పైలట్ అనుకున్నాం. కానీ ఆ మాట పైలట్ది కాదు, టవర్ది. అబిగేలు చేసి ఉంటే 'అఫర్మ్' అనేది. లోహిత్ ఎవరిచేతన్నా చేయిస్తే ఆ మాటే నేర్పేవాడు. 'రీడ్‌బ్యాక్ కరెక్ట్' అన్న మనిషికి ఎదుటివాళ్లు తిరిగి చెప్పేది వినడం అలవాటు. విన్నాక ఆ రెండు ముక్కలూ వాటంతట అవే నోట్లోంచి వస్తాయి. అబిగేలూ, ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు నీకు టవర్ ఎవరు?"

అబిగేలు వెనక్కి తిరిగింది. "అమ్మా?"

"ఈవిడా?" అన్నాడు రామ్‌ప్రసాద్. "ఈవిడకి ఇంగ్లీషెక్కడిది? ఒంటిగంట కావస్తోందని ఎవరో ఒకరిని తెస్తే ఎలా మేడమ్?"

"పిన్నిగారూ, నిన్న ఫోన్‌లో ఏం చెప్పారో ఇప్పుడు చెప్పండి."

కృపావతి పాపని ఇంకో భుజం మీదకి మార్చుకుంది. కాగితం లేదు. కళ్లు దించలేదు. పేరు, ఫైల్ నంబర్ ఒక్కో అంకె, పదకొండు గంటలు, క్యాన్సిల్. చర్చిలో వచనం చదివినట్టు, ఒక్క మాట తొట్రుపడకుండా చెప్పింది.

"ఇదే గొంతు సార్," అంది భానుశ్రీ.

లోహిత్ హెడ్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకమ్మా?" అంది అబిగేలు.

"మూడు నెల్ల నించి సాయంత్రం సాయంత్రం నువ్వు తెలుగులో రాసిచ్చిన టవర్ మాటలు సదివి, నువ్వు సెప్పేది వింటన్నాను. కాగితం మీద మాటలు బాగానే అంటావు. ఇంజినొకటి ఆగిపోయింది, ఏటయిందో నీ మాటల్లో సెప్పు అంటే ఆగిపోతావు. కిందటిసారీ అక్కడే ఆగిపోయినావు. ఇంటికొచ్చి పది రోజులు దువ్వెన ముట్టలేదు, పిల్లని ఒళ్లోకి తీసుకోలేదు. మళ్లా అది సూడలేక... వచ్చే నెలకి మారిస్తే ఇంకా బాగా వచ్చీద్ది అనుకున్నాను. మూడు నెలలు రానివ్వరనీ, ఇరవై అయిదుకే గడువనీ నాకేటి తెలుసు? పొద్దున నువ్వు చొక్కా ఇస్త్రీ చేసుకుంటంటే సెప్దామని వచ్చేను. నోరు రాలేదు."

"అంటే నేను ఫెయిలని నువ్వే రాసేశావు."

"తల్లిని కదే."

"తల్లివి. ఎగ్జామినర్‌వి కాదు. ఆగిపోతే ఆయన ముందే ఆగిపోతాను. అది కూడా నాదే అమ్మా. దాన్ని నువ్వు తీసుకోకు."

పాప కృపావతి పైట పట్టుకుని గుంజుతోంది.

నూకరత్నం కాగితం తీసుకుని స్టేట్‌మెంట్ రాసింది. కృపావతి చదువుకుని సంతకం పెట్టింది. రామ్‌ప్రసాద్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"తెలుగులో ఉంది. నాకు ఇంగ్లీషులో కావాలి."

"ఇంగ్లీషు పరీక్ష ఆవిడకి సార్, నాకు కాదు. నా సంతకం ఉంది, నా నంబర్ ఉంది. చదవడం రాకపోతే భానుశ్రీ చదివి వినిపిస్తుంది."

టైమ్ 12.52. రామ్‌ప్రసాద్ లోపలికి వెళ్లాడు. నాలుగు నిమిషాలు. బయటికొచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"మీ అమ్మగారి మీద కేసు సంగతి?" అడిగింది నూకరత్నం.

"బయటికొచ్చాక చెప్తాను దీదీ," అని అబిగేలు లోపలికి వెళ్లింది.

తలుపు పల్చటి ప్లైవుడ్. మాటలు తెలియవు కానీ గొంతు తెలుస్తోంది. ప్రశ్న, జవాబు. ప్రశ్న, జవాబు. 1.17కి పాప ఏడవడం మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు. నూకరత్నానికి ఆ ఏడుపు తెలుసు, ఇంట్లో రెండేళ్లవాడున్నాడు. లోపల గొంతు ఆగిపోయింది.

కృపావతి లేచి తలుపు వైపు ఒక అడుగు వేసింది.

నూకరత్నం అడ్డంగా నిలబడింది. "కూర్చోండి. లోపల మీ పని లేదు." పాపని అందుకుని మెట్ల మీదకి తీసుకెళ్లి, వీపు మీద తడుతూ నిలబడింది. ఏడుపు సన్నబడింది. అక్కడికి ఏమీ వినిపించలేదు.

1.34కి తలుపు తెరుచుకుంది. అబిగేలు చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. నేరుగా వచ్చి పాపని తీసుకుంది. ఫలితం పది రోజుల తర్వాత, ఇరవై అయిదుకి ముందే వస్తుందంది. కేసు వద్దంది.

కృపావతి రెండు మెట్ల కింద నిలబడి, పైకి చూస్తూ అడిగింది.

"ఎక్కడా ఆగలేదా?"

"ఆగాను," అంది అబిగేలు. "మళ్లీ మొదలుపెట్టాను."