మూడు ఓడల రాగి

భీమిలి రేవులో పేరుమోసిన వర్తకుడు కామయ్య శెట్టి తన మూడు ఓడల్లో ఆఖరిసారి తెచ్చిన రాగి ఏమైందో ఎవరికీ తెలియదు. ఆయన కట్టించిన ధర్మ ప్రసూతి ఆసుపత్రి కప్పు మొన్నటి తుపానుకు కూలింది. సామాను ఎత్తుతుంటే ఒక పాత పెట్టె అడుగున తెరచాప గుడ్డ దొరికింది. దానిమీద తారుతో గీసిన కొండ, గుహ, మూడు ఓడలు!

నెలలు నిండిన తల్లులు వరండాలో చాపల మీద పడుకుంటున్నారు. "రాగి దొరికితే కప్పు లేస్తుంది," అంది శెట్టి మునిమనవరాలు హైమ. బావ పుండరీకాన్ని, కొండదారులు తెలిసిన గంగులును వెంటబెట్టుకుని తెల్లవారుతూనే బయలుదేరింది.

వెదురు పొదలు నరుక్కుంటూ ఎక్కారు. గబ్బిలాల కంపులో మోచేతులు చెక్కుకుపోయేలా పాకారు. ఉన్నట్టుండి గుహ విశాలమైంది. గంగులు కాగడా ఎత్తాడు.

ఎదురుగా రెండు నిలువుల ఎత్తున, దిమ్మె మీద దిమ్మె పేర్చిన రాగి గోడ! పచ్చగా, ఎర్రగా వెలుగుతోంది. దాని పాదాల దగ్గర ఇరుకు గట్టు, గట్టు కింద అడుగు కనిపించని లోయ. దిమ్మెల సందుల్లో, ఓడ పలకలకు కూరినట్టే, కొబ్బరిపీచు, గుగ్గిలం.

"ముత్తాత మనకే దాచాడే!" పుండరీకం గునపం దూర్చాడు.

గంగులు గోడకు చెవి ఆనించి అదిరిపడ్డాడు. "గునపం తీయండి బాబూ! గోడెనకాల నీరున్నాది!"

అప్పటికే ఒక దిమ్మె ఊడింది. నీరు ఫిరంగి గుండులా పుండరీకం గుండెల మీద కొట్టింది. లోయలోకి జారిపోతున్నవాణ్ణి గంగులు జుట్టు పట్టి లాగాడు. హైమ తను కప్పుకున్న దుప్పటి ఉండచుట్టి కంతలో కుక్కి, వీపు ఆనించింది.

"దిమ్మె ఎత్తండి! నెట్టండి బాబూ, నెట్టండి!" గంగులు అరిచాడు.

ముగ్గురూ నెట్టారు. హోరు తగ్గి, ధార సన్నబడి, చుక్కలైంది.

హైమ దిమ్మెల అంచులు పట్టుకుని గోడపైకి ఎక్కి చూసింది. కొండ కడుపులో ఒక సముద్రం! ఆ ఒడ్డున రాతిలో తొలిచిన కాలువ ఊరివైపు సాగుతోంది. అరవై ఏళ్లుగా భీమిలి తాగుతున్న ధర్మ కుళాయిల నీరు ఇదే. లోయలోకి వృథాగా పడిపోయే ఊటను ఆ ఓడల వర్తకుడు ఓడలోకి నీరు రాకుండా సందులు పూడ్చే తన పద్ధతిలోనే ఆపాడు. ఎక్కడా తన పేరు చెక్కించుకోలేదు.

"పై వరసలో నాలుగైనా..." అన్నాడు పుండరీకం.

"పలక ఒక్కటి ఊడితే ఓడ మిగులుతుందా బావా?"

"మరి ఆసుపత్రి?"

హైమ గోడ దిగి వచ్చింది. "మన ఇంట్లో ఇచ్చినవాళ్లే గాని అడిగినవాళ్లు లేరు. ఇక నేను అడుగుతాను, గడప గడపకీ."

పాక్కుంటూ ఎండలోకి వచ్చి పడ్డాక గంగులు నవ్వాడు. "నా గడప కాడే మొదలెట్టమ్మా. కప్పుకి ఎదుర్లు నేనిత్తాను."

హైమ తడి కొంగును రెండు చేతులా చాచింది.