మొక్క లేని చోట నీళ్లు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

పది అడుగుల పెరటి తోట. గులాబీ కుండీల మధ్య ఎనిమిది అడుగుల అల్యూమినియం గొట్టం నిటారుగా నిలబడి ఉంది. మధ్యలో రాగి తీగ చుట్ట, పైన సన్నటి స్టీలు కొన. గూఢచారి డిపార్టుమెంటులో అందరూ 'అన్న' అని పిలిచే రేడియో ఆపరేటర్ రోజూలాగే కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, ఆ గొట్టం మీద చెయ్యి వేశాడు.

కాఫీ చల్లారలేదు. అన్న చల్లబడిపోయాడు.

ఆ సమయానికి ఆయన భార్య హాల్లో ఉంది. ఆఫీసుకు కలిసి వెళ్దామంటూ వచ్చిన అందమైన ట్రాన్స్‌లేటర్ ఆమెను మాటల్లోంచి లేవనివ్వలేదు. కేక విని ఆమె పెరట్లోకి పరుగెత్తింది. ట్రాన్స్‌లేటర్ మాత్రం అంబులెన్సును పిలుస్తానంటూ వీధిలోకి పరుగెత్తింది. పెరట్లో అడుగైనా పెట్టలేదు.

గొట్టం అడుగున ఒక ఎర్ర వైరు రెండు చుట్లు చుట్టి ఉంది. దాని రెండో కొస గోడ ప్లగ్గులో ఉంది.

విచారణ కమిటీ నాలుగు రోజుల్లో తేల్చేసింది. 'సొంత వైరింగ్ లోపం. ప్రమాదవశాత్తు మరణం.' ఎర్ర వైరు మాట రిపోర్టులో ఎక్కడా లేదు. ప్రతి జాయింటునూ మూడుసార్లు తడిమి చూసుకునే మనిషిని చేతకానివాడిగా రాసి సంతకాలు పెట్టేశారు.

కమిటీ వద్దన్న ఆ వైరును భార్య చుట్ట చుట్టి జేబులో పెట్టుకుంది. ఆమె కూడా ఆ డిపార్టుమెంటులో ఏజెంటే. కోడ్ నేమ్ 'వదిన'.

* * *

రెండేళ్ల తర్వాత, ఒక బుధవారం మధ్యాహ్నం.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గది. వేలాడుతున్న కోట్ల మధ్య చీఫ్ ఫైలు తెరిచాడు. అతను ఒకప్పుడు అన్న దగ్గర పని నేర్చుకున్నవాడు.

"పేరు అక్కర్లేదు. వీధిలో పిల్లలకి రేడియో పాఠాలు చెబుతాడు కాబట్టి అందరూ 'మాస్టారు' అంటారు. వృత్తి, గడియారాల రిపేరు. హాబీ, అమెచ్యూర్ రేడియో. లైసెన్సుంది. పన్ను టైముకి కడతాడు. విదేశీ ముఠాకి ఈ ఊళ్లో గొంతు అతనే."

"నెల రోజులుగా అతని కంచె ఇవతల నుంచున్నదాన్ని. నాకే పాఠం చెబుతున్నారా, మరిదిగారూ?" అంది వదిన.

"కొత్త పాఠం ఉంది వదినా. సరిహద్దు అవతల మనవాళ్లు ఏడుగురున్నారు. వాళ్ల పేర్లు, అడ్రసులు ఈ పొద్దున మాస్టారి చేతికి చేరాయి. రికార్డు చేసి మెషీన్లో పెట్టాడు. బటన్ నొక్కితే తొమ్మిది సెకన్లు. ఏడు ప్రాణాలు."

"ఎప్పుడు నొక్కుతాడు?"

"అవతలివాళ్లు చెవి ఒగ్గేది వారానికి పది నిమిషాలే. ఇవాళ ఐదింటికి."

"ఐదా? గత మూడు బుధవారాలూ నాలుగింటికే మాట్లాడాడు."

"ఇవాళ మార్చారట. నెమలి చెప్పింది."

నెమలి అంటే ఆ ట్రాన్స్‌లేటరే. ఏడాది క్రితం ముఠాకు కబుర్లు మోస్తూ దొరికిపోయింది. చీఫ్ ఆమెను జైల్లో పెట్టకుండా, మనవైపు తిప్పి మళ్లీ ముఠాలోకి పంపాడు. డిపార్టుమెంటులో అది పెద్ద విజయమని పేరు.

 వదిన పెదవి ఓ పక్కకి వంగింది.

"ఇప్పుడే వెళ్లి తలుపు బద్దలు కొట్టొచ్చుగా?"

"స్టీలు తలుపు. తెరిచేలోగా మెషీన్ తుడిచేస్తాడు. కోర్టులో 'పాపం, హాబీ' అంటారు. వచ్చే వారం ఇంకొకడెవడో పంపిస్తాడు. మెషీన్ లోపల చెక్కుచెదరకుండా ఉండాలి, అతను బయట ఉండాలి."

"బయటికి నేను రప్పిస్తాను," అంది వదిన. "అది పొట్టి యాంటెన్నా. మీ అన్న కట్టినట్టే కట్టాడు. ఉండాల్సిన పొడవు లేదు కాబట్టి మధ్యలో చుట్ట పెట్టి సరిపెడతారు. అలాంటిదానికి ట్యూనింగ్ సూదిమొన మీద నిలబడినట్టు. కొన నాలుగు వేళ్లు తగ్గిందంటే సెట్టు భయపడి పవర్ దించేసుకుంటుంది. మాట వీధి మలుపు కూడా దాటదు."

"అప్పుడతను?"

"పెరట్లోకొస్తాడు. స్క్రూ వదులు చేసి కొన పైకి లాగుతాడు. రెండు నిమిషాల పని."

"ఆ రెండు నిమిషాల్లో నా టీమ్ పట్టుకుంటుంది. నాలుగు యాభైకి వీధి చివర ఉంటాం." చీఫ్ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. అంచులో మైకు, చెవి దగ్గర చిన్న స్పీకరు కుట్టిన గడ్డి టోపీ. పొడవాటి పిడితో కొమ్మలు కోసే కత్తెర. దాని బ్లేడు స్టీలును కూడా కోస్తుంది.

"తుపాకీ?"

"ఇవ్వను."

"కారణం?"

"ఇస్తే అతను నాకు ప్రాణాలతో దొరకడు, వదినా. అన్నను చంపింది అతనేనని మీ అనుమానం."

వదిన కాదనలేదు. టోపీ పెట్టుకుని బయలుదేరింది.

* * *

మాస్టారి పక్కిల్లు ఒక బామ్మగారిది. తోటపని మనిషి వేషంలో, ముక్కుకు దుమ్ముగుడ్డ కట్టుకుని, వదిన నెలనుంచి అక్కడ మొక్కల కంచె కత్తిరిస్తోంది.

"అమ్మాయ్," అంది బామ్మ వరండాలో రేడియో పక్కన కూర్చుని, "నా పెళ్లి కూడా ఇన్నాళ్లు జరగలేదే. ఈ కంచె అయ్యేదెప్పుడు?"

"ఇవాళ అయిపోతుంది బామ్మగారూ."

"నిన్ననీ అదే అన్నావు. పని తెమలదు గానీ మాట మాత్రం కత్తెరే!"

వదిన నవ్వి ఆకుల సందులోంచి చూసింది. అవతల పెరడు పది అంగలు. మధ్య దారి, అటూ ఇటూ గులాబీలు. కంచెకు మూరెడు దూరంలో గొట్టం. అచ్చు అన్న తోటలోలాగే. చూసినప్పుడల్లా ఆమె పళ్లు వాటంతటవే బిగుసుకునేవి.

మూడున్నరకు వెనక తలుపు తెరుచుకుంది. చేతిలో నీళ్ల డబ్బాతో మాస్టారు వచ్చాడు. గులాబీలు వాడిపోయి ఉన్నాయి. వాటివైపు చూడనైనా చూడలేదు. గొట్టం చుట్టూ గడ్డి కూడా లేని నేల మీద డబ్బా మొత్తం ఒంపాడు. మళ్లీ నింపుకొచ్చి మళ్లీ ఒంపాడు.

వదిన కత్తెర ఆగిపోయింది.

ఆ నేల కింద చేతిలోతున పదహారు రాగి తీగలు గొట్టం నుంచి నలువైపులా పరిచి ఉన్నాయి. మట్టి తడిగా ఉంటే సిగ్నల్ బలంగా పోతుందని మాస్టారి నమ్మకం. గత మూడు బుధవారాలూ మొక్క లేని ఈ చోట నీళ్లు పోసిన సరిగ్గా అరగంటకు బామ్మ రేడియో గురగురమంది.

ఐదు కాదు. నాలుగే.

ఆమె టోపీ అంచు నోటి దగ్గరికి లాగింది. "మరిదీ, మీ నెమలి అబద్ధం చెప్పింది. నాలుగింటికే పంపుతున్నాడు."

చెవిలో చీఫ్ గొంతు తడబడింది. "టీమ్ ఊరికి అటు చివర ఉంది! ఎంత తోలుకొచ్చినా నాలుగూ పది అవుతుంది!"

"రండి."

"వదినా, కొన కోస్తే రెండు నిమిషాల్లో సరిచేసుకుంటాడు. పది నిమిషాలు ఎలా ఆపుతారు? చేతిలో తుపాకీ కూడా..."

"లేదు. మీ పుణ్యమే."

ఆమె జేబులో చెయ్యి పెట్టింది. రెండేళ్లుగా చుట్ట చుట్టుకుని ఉన్న ఎర్ర వైరు వేళ్లకు తగిలింది.

మాస్టారు లోపలికి వెళ్లగానే కంచెలోకి భుజం దాకా చెయ్యి దూర్చింది. గొట్టం అడుగున ఎర్ర వైరు రెండు చుట్లు చుట్టింది. అన్న గొట్టానికి ఎలా చుట్టి ఉందో అలాగే, ఎడమనుంచి కుడికి. రెండో కొస ఆకుల్లోంచి ఇవతలికి లాక్కుంది. ఆమె కాళ్ల దగ్గర కంచె కత్తిరించే మెషీన్ తాలూకు ఎక్స్‌టెన్షన్ బోర్డు పడుంది. అందులో చిన్న దీపం వెలుగుతోంది. వైరు కొస రాగి బయటపడి మెరుస్తోంది.

ఒక్క అంగుళం దూరం.

ఆ అంగుళం ముందు ఆమె చాలాసేపు నిలబడింది.   చంపడం ఎంత తేలికో ఆమెకు అప్పుడు తెలిసింది.

కానీ చచ్చినవాడు నోరు విప్పడు. అన్న మీద పడ్డ ఆ ఒక్క వాక్యం అలాగే ఉండిపోతుంది.

ఆమె వైరు కొసను బోర్డులో పెట్టలేదు. అరచేతికి చుట్టుకుంది.

మూడూ యాభై ఏడు. పొడవాటి కత్తెర ఆకుల పైనుంచి లేచింది. టిక్. నాలుగు వేళ్ల స్టీలు ముక్క బామ్మ పచ్చిక మీద పడింది.

* * *

నాలుగు గంటలు. బామ్మ రేడియో గురగురలాడలేదు. హాయిగా పాడుతూనే ఉంది.

నాలుగూ ఒకటి. వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. మాస్టారు స్క్రూడ్రైవర్‌తో పరుగున వచ్చాడు. పైకి చూశాడు. కొన పొట్టిగా ఉందని ఒక్క చూపులో కనిపెట్టాడు. చెయ్యి చాపాడు.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అతని చూపు గొట్టం అడుగున ఉంది. ఎర్ర వైరు. రెండు చుట్లు. ఎడమనుంచి కుడికి.

ఆ వైరు సంగతి తెలియనివాడు దాన్ని పీకి పారేసేవాడు. మాస్టారు కాళ్లకింద చూసుకున్నాడు. తడి నేల. తన చేత్తో తానే తడిపిన నేల. మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు.

"నెమలీ!"

పట్టు గౌను, నల్లకళ్లద్దాలు, గాలికి ముందే వచ్చే సెంటు వాసన. నెమలి గుమ్మంలో నిలబడింది. "టైమైపోతోంది. ఏం చేస్తున్నారు?"

"ఆ వైరు తీసెయ్."

నెమలి చూసింది. ఆమె ముఖంలో రంగు దిగిపోయింది. "నేనా? నా గోళ్ల రంగు ఇంకా ఆరలేదు. మీరే తియ్యండి."

"తీయమంటున్నానా!"

"అప్పుడు కట్టింది మీరు. విప్పడమూ మీకే తెలియాలి."

"అరవకు! ఆ రోజు ఆవిణ్ని హాల్లో కూర్చోబెట్టి కబుర్లు చెప్పింది నువ్వు. నాకొక్కడికే చుట్టకు."

కంచె ఇవతల వదిన కళ్లు మూసుకుంది. రెండేళ్లుగా ఆమె వెతికింది ఒక్కడి కోసమే. ఆ పొద్దున హాల్లో తన చెయ్యి పట్టుకుని నవ్విన మనిషి గొంతు ఇప్పుడు మళ్లీ వినిపించింది. పెరట్లో అడుగు పెట్టని మనిషికి ఈ వైరు సంగతి ఎలా తెలుసు? అరచేతిలోని వైరు మాంసంలోకి కోసుకుపోయేదాకా ఆమె పిడికిలి బిగించింది.

"వింటున్నాం వదినా," అంది చెవిలో చీఫ్ గొంతు, నీరసంగా. "ప్రతి ముక్కా."

నాలుగూ ఆరు. మాస్టారు కంచె దగ్గరకొచ్చి కేకేశాడు. "బామ్మగారూ! మీ మెయిన్ స్విచ్ ఆపండి! తొందరగా!"

"ఎందుకయ్యా?" అంది బామ్మ. "నెలల తర్వాత బుధవారం పూట నా రేడియో పలుకుతోంది. పాట అయ్యాక ఆపుతాలే."

"బామ్మగారూ, దయచేసి!"

"రెండో చరణం!"

నాలుగూ ఎనిమిది. మాస్టారు లోపలికి పరుగెత్తి చీపురు కర్ర పట్టుకొచ్చాడు. ఎండిన కర్ర. తడి అంచున నిలబడి, ఒళ్లు వంచి, కర్ర కొసతో వైరును కొక్కెంలా లాగాడు. ఒక చుట్టు సడలింది.

ఇవతల వదిన రెండు కాళ్లూ నేలకు తన్ని పెట్టి వైరు పట్టుకుంది. అతను లాగాడు. ఆమె బిగించింది. కంచె ఊగింది. రెండో చుట్టు జారిపోయింది. వైరు తెగిన తోకలా అతని కాళ్ల ముందు పడింది.

అతను గొట్టం మీదికి దూకాడు. స్క్రూ తిప్పాడు. కొన సర్రున పైకి లేచింది. "నొక్కు! నొక్కెయ్!" అని గుమ్మం వైపు అరిచాడు.

నెమలి లోపలికి తిరిగింది.

అతని చేతి గడియారం బీప్ మంది. నాలుగూ పది.

అవతలివాళ్ల చెవులు మూసుకున్నాయి. అదే క్షణంలో ముందు గదిలో స్టీలు తలుపు ఊడిపడింది. నెమలి బటన్ మీద వేలు పెట్టింది గానీ, ఆ తొమ్మిది సెకన్ల మాట విన్నవాళ్లు లోకంలో ఒక్కరే. బామ్మ.

"అదిగో, మళ్లీ మొదలు!" అని విసుక్కుంది ఆమె. రేడియో గురగురలాడింది.

* * *

వదిన కంచె సందులోంచి అవతలికి వచ్చింది. దుమ్ముగుడ్డ తీసింది. టీమ్ చేతుల్లో ఉన్న మాస్టారు ఆమెను చూసి, అన్న భార్య అని గుర్తుపట్టాడు. ఆమె వంగి ఎర్ర వైరును నేల మీదనుంచి ఎత్తింది. రాగి తేలిన కొసను అతని బుగ్గకు ఆనించింది.

మాస్టారు గావుకేక పెట్టాడు.

ఏమీ జరగలేదు.

"ఇది ఎక్కడికీ వెళ్లలేదు మాస్టారూ," అంది వదిన. "అవతలి కొస నా చేతిలో ఉంది. మీరు ఒక్కసారి ముట్టుకుని ఉంటే గెలిచేవారు. నా భర్త అయితే ముట్టుకునేవారు. వైరుతో మనిషిని చంపే విద్య ఆయనకి తెలియదు."

తర్వాత నెమలి వైపు తిరిగింది. "గోళ్లు ఆరాయా అమ్మా? బేడీలకి రంగు అంటుకోదులే."

చీఫ్ తల దించుకుని నిలబడ్డాడు.  "నెమలిని నమ్మింది నేనే. నా తప్పు, వదినా."

"మీ అన్న నేర్పింది మర్చిపోయారు. ఏ జాయింటునైనా మూడుసార్లు తడిమి చూడాలి."

అతను వెంట తెచ్చిన అన్న కేసు పాత ఫైలు తెరిచి, 'సొంత వైరింగ్ లోపం' అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. దాని కింద 'హత్య' అని రాసి సంతకం పెట్టాడు. వదిన ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ చదువుకుంది.

"ఇవాళ్టి రిపోర్టులో ఏం రాయమంటారు?" అన్నాడు చీఫ్. "శత్రువు ప్రసారం విఫలం. కారణం?"

వదిన ఎర్ర వైరును చుట్ట చుట్టి జేబులో పెట్టుకుంటూ, సగం కత్తిరించిన కంచెవైపు నడిచింది.

"వైరింగ్‌లో ఏ లోపమూ లేకపోవడం అని రాయండి."